గైడ్ ముందు నన్నే ప్రశ్నలు అడిగారు

ఫ్లై ఫిషింగ్ నేను చాలావరకు సొంతంగానే నేర్చుకున్నాను. వీడియోలు చూస్తూ, గడ్డి మీద లైను విసురుతూ, చెరువుల్లో చిన్నాచితకా చేపల మీద ప్రయోగాలు చేస్తూ. పారే నదిలో ట్రౌట్ పట్టాలనుకున్నప్పుడు మాత్రం లోకల్ గైడ్‌ని పెట్టుకోవాలని ముందే నిర్ణయించుకున్నాను. చెరువులో చేప తిండి కోసం తిరుగుతూ ఉంటుంది, ఓపిగ్గా కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు మన వైపు వస్తుంది. నదిలో ట్రౌట్ ఒకచోట నిలబడి ఉంటుంది, తిండే ప్రవాహంలో దాని దగ్గరికి కొట్టుకొస్తుంది. అది ఎక్కడ నిలబడిందో తెలియకపోతే రోజంతా ఖాళీ నీళ్ల మీద లైను ఆడించి రావడమే.

ఈ పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మామూలు గాలంలో ఎర బరువో, సీసం గుండు బరువో లైనును లాక్కెళ్తుంది. ఫ్లై ఫిషింగ్‌లో కొక్కేనికి ఈకలు, దారం చుట్టి చేసిన పురుగు ఉంటుంది. దానికి బరువు లేనట్టే. అందుకని బరువంతా లైనులోనే పెడతారు. 5 వెయిట్ లైను అంటే మొదటి 30 అడుగులు దాదాపు 9 గ్రాములు తూగేది. 9 అడుగుల రాడ్, 5 వెయిట్ లైను, ట్రౌట్‌కి ఎక్కువమంది వాడే జత ఇదే. లైను చివర లీడర్ అనే సన్నటి దారం, దాని కొసకి ఇంకా సన్నటి టిప్పెట్, ఆ చివర ఆ పురుగు, అదే ఫ్లై. విసరడం సాధన చేస్తే వచ్చేస్తుంది. నీళ్లు చదవడమే కష్టం, అది మైదానంలో గడ్డి మీద రాదు.

వెతకడం మొదలుపెడితే గైడ్ల వెబ్‌సైట్లన్నీ ఒకేలా కనిపించాయి. పెద్ద చేపను రెండు చేతుల్తో పట్టుకుని నవ్వుతున్న మనిషి, వెనక కొండలు. ఆ ఫొటో చూసి మనం తేల్చుకోగలిగింది ఏమీ లేదు. ఆ చేప ఏ సీజన్‌లో పడిందో, పట్టినాయనకి ఎన్నేళ్ల అనుభవం ఉందో తెలియదు. చేతులు చాచి చేపను కెమెరా ముందుకి తోస్తే దాని సైజు ఎంత పెరుగుతుందో ఫొటోలు తీసేవాళ్లందరికీ తెలుసు. వాటికన్నా, చేపలు సరిగ్గా పడని రోజు గురించి రాసిన రివ్యూలు నాకు ఎక్కువ పనికొచ్చాయి. అలాంటి రోజున గైడ్ ఏం చేశాడు, విసుక్కున్నాడా, చోటు మార్చాడా, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడా అనేది వాటిలో బయటపడుతుంది.

కొందరికి మెయిల్ పెట్టాను. నాకున్న అనుభవం, వీలయ్యే వారం, ఒక్కడినే వస్తాననే సంగతి రాశాను. ఒకరు తేదీ, అడ్వాన్స్ వివరాలు మాత్రం పంపారు, అంతే. ఇంకొకరు పెద్ద చేప గ్యారంటీ అన్నారు. అడవి చేపకి గ్యారంటీ ఇచ్చే మనిషిని నమ్మడం కష్టం, ఆ మెయిల్ అక్కడే వదిలేశాను. మూడో ఆయన ధర చెప్పలేదు, తేదీ ఖాయం చెయ్యలేదు. తిరిగి నన్నే ప్రశ్నలు అడిగారు.

గాలి లేనప్పుడు ఎన్ని అడుగుల దూరం విసరగలరు? విసిరేది కుడి చేతితోనా, ఎడమ చేతితోనా? మోకాళ్లు, నడుము ఎలా ఉన్నాయి, మోకాలి లోతు ప్రవాహంలో గుండ్రాళ్ల మీద నడవగలరా? ఈత వచ్చా? కళ్లద్దాలు పెట్టుకుంటారా, 30 అడుగుల దూరంలో గోరంత వస్తువు నీటి మీద తేలితే కనబడుతుందా? తేనెటీగలు కుడితే అలర్జీ ఏమైనా ఉందా? చివర్లో ఒకటి విడిగా రాశారు: "మీకు నేర్చుకోవాలని ఉందా, చేపలు పట్టాలని ఉందా? రెండూ అని మాత్రం అనకండి."

మొదట చదివినప్పుడు కాస్త అతి అనిపించింది. ఆస్పత్రిలో చేరేముందు నింపే ఫారం కూడా ఇంత వివరంగా ఉండదేమో. కానీ ఈ ప్రశ్నలన్నిటిలో ఒకటి కనబడింది. ఈయన నా రోజు గురించి ఆలోచించడం అప్పుడే మొదలుపెట్టేశారు. మిగతావాళ్లు తమ దగ్గరున్న రోజును నాకు అమ్ముతున్నారు. నేర్చుకోవాలనే రాశాను. రాసేటప్పుడు చేపలు పడకపోయినా పర్వాలేదని మనసుకి నచ్చజెప్పుకోవాల్సి వచ్చిందనుకోండి.

తర్వాత ఫోన్‌లో మాట్లాడినప్పుడు అడగడం నా వంతు. మొదటిది, వచ్చేది మీరేనా, ఇంకెవరినైనా పంపుతారా? ఇది అడగాలని చాలామందికి తట్టదు. బుకింగ్ తీసుకునేవాళ్లు వేరు, నదిలో మనతో నిలబడేవాళ్లు వేరు కావడం ఈ రంగంలో మామూలే. అమెరికాలోని మోంటానాలో అయితే చట్టమే అలా ఉంది, గైడ్ అయినవాళ్లు, లైసెన్సు ఉన్న ఒక అవుట్‌ఫిటర్ (ఇలాంటి ట్రిప్పులు నడిపేవాళ్లు) కింద పనిచేయాలి. అందులో తప్పేం లేదు, కానీ నేను మాట్లాడుతున్నది ఎవరితోనో నాకు తెలియాలి. తనే వస్తానన్నారు.

రెండోది అనుమతులు. చేపలు పట్టే లైసెన్సు సాధారణంగా పట్టేవాళ్ల పేరునే ఉండాలి, గైడ్ దగ్గర ఉన్నది ఆయనకి మాత్రమే చెల్లుతుంది. దానితోపాటు నదిలో దిగే హక్కు సంగతి ఉంటుంది. ఇది చోటుని బట్టి మారిపోతుంది. ఇదే మోంటానాలో ఒడ్డున ఉన్న పొలం ఎవరిదైనా సరే, నది మామూలుగా నిండినప్పుడు నీళ్లు చేరే గీత లోపల నడుస్తూ చేపలు పట్టుకోవచ్చు. ఇంగ్లండ్‌లో చాలా నదుల్లో చేపలు పట్టే హక్కు ఒడ్డు యజమానిదే, అడగకుండా దిగితే అతిక్రమణ. లోకల్ గైడ్ వల్ల కలిగే పెద్ద లాభం, ఎవరి కంచె దగ్గర ఎవరిని అడగాలో ఆయనకి తెలియడం.

ఫస్ట్ ఎయిడ్ శిక్షణ, ఇన్సూరెన్సు, ఏ సామాను ఆయన తెస్తారు, వేడర్స్ (నీళ్లలో దిగడానికి వేసుకునే తడవని ప్యాంటు) నా సైజులో దొరుకుతాయా, ఇవన్నీ గబగబా అయిపోయాయి. రోజు లెక్క ఎప్పట్నుంచి అనేది అడిగాను, కలిసినప్పట్నుంచా, లైను నీళ్లలో పడినప్పట్నుంచా అని. నవ్వి, కలిసినప్పట్నుంచే అన్నారు. క్యాన్సిలేషన్ దగ్గర మాత్రం ఆగి మాట్లాడుకున్నాం. వాన పడటం వేరు, నది పాడవడం వేరు. సన్నటి వానలో చేపలు ఇంకా బాగా తింటాయి. ఎగువన గట్టిగా కురిసి నీళ్లు బురదై పొంగితే రోజు పోయినట్టే. ఆ నిర్ణయం ముందురోజు సాయంత్రం ఆయనే చెప్తారని, అలా అయితే అడ్వాన్స్ ఇంకో తేదీకి మారుతుందని మెయిల్‌లో రాసి పంపమన్నాను. పంపారు.

ఆ ఫోన్‌లోనే నేను అడిగిన వారం వద్దన్నారు. ఆ సమయానికి కొండల మీద మంచు కరిగి నది నిండుగా, చల్లగా, పాలు కలిపినట్టు ఉంటుందట. "డబ్బు తీసుకుని మిమ్మల్ని తీసుకెళ్లొచ్చు, మీకు కనిపించేది మాత్రం మీ బూట్లే" అన్నారు. అలాగని మరీ ఆలస్యం చేసినా కష్టమే. ట్రౌట్ చల్లటి నీళ్ల చేప. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, దాదాపు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే పట్టి వదిలిన చేప తేరుకోకుండా చచ్చిపోయే ప్రమాదం పెరుగుతుంది. మోంటానాలో వేసవిలో నీళ్లు వేడెక్కిన నదుల మీద మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి వరకు నిషేధం పెట్టేది ఇందుకే. కొన్ని వారాల తర్వాతికి జరిపి తేదీ ఖాయం చేసుకున్నాం.

వెళ్లేలోగా నన్ను సాధన చెయ్యమని చెప్పింది చాలా కొంచెం. దూరం గురించి పట్టించుకోవద్దన్నారు. 25, 30 అడుగుల దూరంలో ఒక పళ్లెం పెట్టుకుని అందులో పడేలా విసరడం, లైను గాల్లో ఉండగానే రాడ్‌ని పక్కకి వాల్చి వంపు పెట్టడం, టిప్పెట్ ముడి కళ్లు మూసుకుని వేయగలగడం. నేనేమో అప్పటిదాకా 60 అడుగులు విసరాలని గాలితో కుస్తీ పడుతున్నాను.

కొత్త బూట్లు కొనబోతుంటే అడుగున ఫెల్ట్, అంటే ఒత్తిన ఉన్నిలాంటి మందపాటి గుడ్డ, ఉన్నవి మాత్రం తీసుకోవద్దన్నారు. ఫెల్ట్ పాకుడు రాళ్ల మీద బాగా పట్టేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ అది తొందరగా ఆరదు. ఒక నదిలో పట్టుకున్న సూక్ష్మజీవుల్ని తడిలో దాచుకుని ఇంకో నదిలో వదులుతుంది. న్యూజీలాండ్‌లో 2004లో డిడిమో అనే నాచు దక్షిణ దీవిలో బయటపడింది. రాళ్ల మీద మందంగా దుప్పటిలా పరుచుకుంటుంది అది. 2008లో అక్కడ ఫెల్ట్ బూట్లని నిషేధించారు. మా గైడ్ ఊరుకోలేదు, నా బూట్లు, వేడర్స్ చివరగా ఎక్కడ తడిశాయి, పూర్తిగా ఆరాయా అని కూడా అడిగారు. కలిసిన రోజు పొద్దున నా బూట్ల అడుగులు తిప్పి చూశారు!

నది పేరు ఎందుకు రాయడం లేదని అడగొచ్చు. ఆయన ముందే మాట తీసుకున్నారు. చిన్న నది, ఫొటోలు పెట్టండి కానీ చోటు చెప్పొద్దు, వెనక కొండ వరస కనబడేలా తీయొద్దు అని. పేరు బయటికి పొక్కి, ఒకే మలుపు దగ్గర గుంపులు చేరి పాడైన నదులు ఆయన చూశారట. గైడ్‌కి అది జీవనాధారం కూడా, అందుకని నాకు ఆ షరతు న్యాయంగానే అనిపించింది.

మొదటి గంట రాడ్ బయటికే తీయనివ్వలేదు. నీళ్లలోకి నాలుగడుగులు వేసి, అరచేయంత రాయి ఒకటి తీసి తిప్పారు. అడుగున చదునుగా, ఆరు కాళ్లతో, తోక పోగులతో పాకుతున్న పురుగులు. మేఫ్లై పిల్లలు, నింఫ్‌లంటారు. ఇవి నెలల తరబడి, చాలా రకాలు దాదాపు ఏడాది, ఇలా నీటి అడుగునే బతుకుతాయి. తర్వాత పైకి తేలి, రెక్కలు విప్పుకుని ఎగురుతాయి. రెక్కలు వచ్చాక ఇంకోసారి చర్మం విడిచే పురుగులు ఇవి మాత్రమే. పెద్దయ్యాక వాటికి పనిచేసే నోరు కూడా ఉండదు, జత కట్టి గుడ్లు పెట్టి కొన్ని గంటల్లోనో, ఒకట్రెండు రోజుల్లోనో పోతాయి. "ఏడాదిలో ఎన్ని రోజులు కింద ఉంటుంది, ఎన్ని రోజులు పైన ఉంటుంది? చేప ఎక్కడ తింటుందో మీరే చెప్పండి" అన్నారు. పైన తేలే డ్రై ఫ్లైతో పట్టడమే అందమని మనసులో పెట్టుకుని వెళ్లిన నాకు ఆ రాయి చాలు, నింఫ్‌తో మొదలుపెట్టడానికి ఒప్పుకోవడానికి.

తర్వాత ఒడ్డున మోకాళ్ల మీద కూర్చోబెట్టి నీళ్లు చూపించారు. నాకు కనిపించింది పారే నీళ్లు. ఆయనకి కనిపించింది వేగాలు. నది మధ్యలో వేగంగా వెళ్లే పాయ, దాని పక్కన నెమ్మదిగా కదిలే పాయ, రెండూ కలిసే చోట నురుగు గీత. ఆ గీత వెంటే తిండి కొట్టుకొస్తుంది. చేప నెమ్మది వైపు నిలబడి, ఒంట్లో శక్తి ఖర్చు కాకుండా, వేగం వైపు మూతి చాచి అందుకుంటుంది. పెద్ద బండ వెనక ప్రవాహం తగ్గుతుంది, అక్కడ ఒకటి ఉండొచ్చు. బండ ముందు కూడా నీళ్లు గుద్దుకుని ఒక మెత్తటి దిండులా ఏర్పడుతుంది, అక్కడ ఉండేది తరచూ వెనకదానికన్నా పెద్దదట. ఈ రెండో సంగతి నాకు ఏ వీడియోలోనూ తగల్లేదు.

వంగి నడవమనడం వెనక లెక్క కూడా చెప్పారు. నీళ్లలోంచి పైకి చూసే చేపకి బయటి ప్రపంచం మొత్తం దాదాపు 97 డిగ్రీల గరాటు లాంటి కోణంలోకి కుదించుకుపోయి, తల మీద ఒక గుండ్రటి కిటికీలాగా కనిపిస్తుంది. కాంతి వంగడం వల్ల. రెండడుగుల లోతులో ఉన్న చేపకి ఆ కిటికీ వెడల్పు నాలుగున్నర అడుగులు. ఒడ్డున నిటారుగా నిలబడితే ఆ కిటికీ అంచున మనం కనబడిపోతాం. వంగి, చేప వెనక నుంచి, అంటే ప్రవాహం దిగువ నుంచి వెళ్తే మనం దానికి దాదాపు లేనట్టే. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి ఉంటుంది కాబట్టి ఇది కుదురుతుంది.

ఇక్కడ ఆయన అడిగిన ప్రశ్నలు ఒక్కొక్కటే పనిలోకి రావడం గమనించాను. కుడి చేయి అని రాశాను కదా, ఆయన ఎంచుకున్న ఒడ్డున నది పై వైపుకి చూస్తూ నిలబడితే చెట్లు నాకు ఎడమ పక్కన ఉన్నాయి, చేయి ఊగేది నీళ్ల మీద. అవతలి ఒడ్డున అయితే వెనక్కి వేసిన ప్రతి లైనూ కొమ్మల్లో ఇరుక్కునేది. మోకాలు కొంచెం ఇబ్బంది పెడుతుందని రాస్తే, చేతికర్ర ఇంకొకటి తెచ్చారు, లోతు దాటాల్సిన చోట తను పై వైపు నిలబడి ప్రవాహాన్ని తన మీదకి తీసుకున్నారు. కాళ్లు ఎప్పుడూ కత్తెర వేయకుండా, ఒక కాలు గట్టిగా ఆనాకే రెండోది కదపాలి. వేడర్స్ మీద నడుం బెల్టు బిగించి ఉంచాలి, పడితే నీళ్లు లోపల నిండకుండా. పడిపోతే లేవాలని పెనుగులాడకుండా, వెల్లకిలా, కాళ్లు దిగువకి పెట్టి తేలుతూ, లోతు తగ్గాక లేవాలి. ఇదంతా నీళ్లలోకి దిగకముందే నా చేత తిరిగి చెప్పించారు.

నింఫ్ వేయడం మొదలైంది. రంగు బెండు ఒకటి, దాని కింద నింఫ్‌లా కట్టిన, కాస్త బరువున్న ఫ్లై. అసలు తిప్పలు ఇక్కడే. లైను వేగంగా వెళ్లే నీళ్ల మీద పడుతుంది, ఫ్లై నెమ్మది నీళ్లలో ఉంటుంది. రెండు సెకన్లలో లైను ముందుకెళ్లి ఫ్లైని ఈడ్చేస్తుంది. దీన్నే డ్రాగ్ అంటారు. నీళ్లలో కొట్టుకొచ్చే పురుగు ఎప్పుడూ అడ్డంగా పరుగెత్తదు కాబట్టి చేప వెంటనే మొహం తిప్పేసుకుంటుంది. లైను పడగానే రాడ్ కొసతో దాని నడుమును ఎగువ వైపుకి తిప్పి వేయాలి, మెండ్ అంటారు. గడ్డి మీద ఎన్నేళ్లు విసిరినా ఇది రాదు, గడ్డి పారదు కాబట్టి.

గైడ్ నా భుజం పక్కనే నిలబడి చెప్తూనే ఉన్నారు. "మెండ్. ఇంకోటి. వదిలేయండి. ఎత్తండి!" ఎత్తాను, బరువు తగిలింది, చేప పడింది. బ్రౌన్ ట్రౌట్, ఒంటి నిండా ఎర్ర చుక్కలు. పుట్టింటి సంగతి వస్తే ఇది యూరప్ వైపు చేప. 1864లో దీని గుడ్లని నాచులో, మంచులో పెట్టి ఓడలో టాస్మానియా దాకా తీసుకెళ్లి పొదిగించారు. అలా మనిషి మోసుకెళ్లే ఇప్పుడు ఇన్ని ఖండాల నదుల్లో ఉంది.

ఆ తర్వాత ఇంకా పడ్డాయి. అన్నీ ఆయన మాట మీదే. సంతోషంగానే ఉంది కానీ లోపల చిన్న అసంతృప్తి. నేను రిమోట్‌తో నడుస్తున్నాను. ఎత్తమంటే ఎత్తుతున్నాను, ఆయనకి బెండులో ఏం కనబడి ఎత్తమన్నారో నాకు కనబడటం లేదు. మంచి గైడ్లతో వచ్చే సమస్య ఇదేననుకుంటా, వాళ్లు మరీ త్వరగా చూసేస్తారు. చివరికి అడిగేశాను, కాసేపు ఏమీ చెప్పకుండా ఉండగలరా అని. నొచ్చుకుంటారేమోనని టెన్షన్ పడ్డాను. ఆయన పెద్దగా నవ్వి, "నేర్చుకుంటానన్నారుగా, నేనే మర్చిపోయా" అని వెళ్లి బండ మీద కూర్చున్నారు.

తర్వాతి గంట దాదాపు ఖాళీ. చేప ముట్టి వదిలేసింది నాలుగైదుసార్లు ఉండొచ్చు, ఆలస్యంగా తెలిసింది. కానీ నెమ్మదిగా బెండు కదలికలో తేడా కనిపించడం మొదలైంది. చేప పడితే అది నాటకీయంగా మునగదు. ఒక్క క్షణం ఆగుతుంది, అంతే. చుట్టూ నురుగు వెళ్లిపోతుంటే బెండు వెళ్లదు. అలా ఆగినప్పుడు ఎత్తితే జానెడు చేప ఒకటి వచ్చింది. పొద్దున పడినవాటన్నిటికన్నా చిన్నది. గైడ్ బండ మీంచి చప్పట్లు కొట్టారు.

ఎండ పెరిగాక నీళ్ల మీద ఉంగరాలు మొదలయ్యాయి, చేపలు పైకొచ్చి తింటున్నాయి. పెట్టె తీసి పారాషూట్ ఆడమ్స్ అనే డ్రై ఫ్లై ఇచ్చారు. దీని మాతృక ఆడమ్స్‌ని మొదట 1922లో మిషిగన్‌లో కట్టారు, ఏ ఒక్క పురుగునీ అచ్చంగా పోలకుండా చాలావాటిని పోలినట్టుండే బూడిద రంగు ఫ్లై. మామూలుగా దాని మీద తెల్ల కుచ్చు ఉంటుంది. నాకిచ్చిన దానికి నారింజ రంగు కుచ్చు. "మీకు దూరంలో చిన్నవి కనబడవని రాశారుగా, రాత్రి కట్టాను" అన్నారు. టిప్పెట్ 5ఎక్స్ పెట్టారు. దానికో చిన్న లెక్క ఉంది, 11లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 5ఎక్స్ అంటే ఆరు, అంటే 0.15 మిల్లీమీటర్లు.

అవతలి ఒడ్డున వేలాడే కొమ్మ కింద ఒక చేప పదే పదే లేస్తోంది. దాని మూతి చూస్తే పెద్దదే. నాకూ దానికీ మధ్య మూడు వేగాల నీళ్లు. కాసేపు చూసి గైడ్ పై మలుపుకి వెళ్దామన్నారు, అక్కడ నిలకడ నీళ్లు, డ్రై ఫ్లైకి తప్పకుండా పడతాయని. నేను ఇక్కడే ఉంటానన్నాను. ఒక్క నిమిషం నా మొహం చూసి, సరే అని, ఈసారి అడిగితేనే మాట్లాడారు. లైను గాల్లో ఉండగా వంపు పెట్టడం అని ఇంటి దగ్గర సాధన చేయించింది దీనికే అని అప్పుడు తెలిసింది. ఫ్లై సరిగ్గా తేలిన రెండుసార్లు అది పైకొచ్చి, దగ్గరగా చూసి, వెనక్కి దిగింది. పడలేదు. పై మలుపుకి వెళ్లుంటే చేపల లెక్క పెరిగేది. వెళ్లనందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు.

చేపని పట్టుకునే విషయంలో ఆయన చాలా కచ్చితం. కొక్కేల ముల్లు పొద్దునే పటకారుతో నొక్కేయించారు, అప్పుడు అది తేలిగ్గా ఊడుతుంది. రబ్బరు వలలోనే, నీళ్లలోనే ఉంచి తీయాలి. ముట్టుకునేముందు చేతులు తడుపుకోవాలి, పొడి చేయి దాని ఒంటి మీది జిగురు పొరని తుడిచేస్తుంది, రోగాల నుంచి కాపాడేది ఆ పొరే. ఫొటో కావాలంటే ముందు కెమెరా సిద్ధంగా పెట్టుకుని, లెక్కపెడుతూ ఎత్తాలి, పది లోపు మళ్లీ నీళ్లలో. నా ఫొటోల్లో సగం నీళ్లు కారుతున్న ఖాళీ చేతులే. వదిలేటప్పుడు తోసేయకూడదు, ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని ఉంటే అదే తోక విదిల్చి వెళ్తుంది.

మధ్యాహ్నం థర్మామీటర్ నీళ్లలో ముంచి చూసి, 19 దాటింది, ఆపేద్దామన్నారు. నేను డబ్బు కట్టిన సమయం ఇంకా ఉంది. మనసులో కొంచెం చిరాకేసిన మాట నిజం. మిగిలిన సమయాన్ని ఆయన ఎగ్గొట్టలేదు. నీడలో కూర్చుని నా ఫ్లై పెట్టె ముందేసుకుని, ఈ నదికి పనికిరానివి పక్కన పెట్టించారు. సగం పైనే పోయాయి. ఆ రోజు వాడిన రెండు ముడులు మళ్లీ మళ్లీ వేయించారు. టిప్పు గురించి ముందే కనుక్కుని ఉంచుకోవడం మంచిది. కొన్నిచోట్ల అది గైడ్ ఆదాయంలో భాగం, కొన్నిచోట్ల అలవాటే లేదు, నదీ తీరాన నిలబడి ఎంత అని తడబడటం ఇద్దరికీ ఇబ్బంది.

కొన్ని రోజుల తర్వాత ఆయన దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఏ నెలలో ఆ నదిలో ఏ పురుగులు వస్తాయి, వాటికి ఏ ఫ్లై, ఏ సైజు అనే పట్టిక. కింద రెండు లైన్లు. వచ్చేసారి పూర్తి రోజుకి పెట్టుకోవద్దు, పొద్దున సగం రోజు చాలు, ఆ తర్వాత పై మలుపు దగ్గర ఒక్కరే పట్టుకోండి, ఎక్కడ దాటకూడదో నేను చూపిస్తాను అని. సగం రోజుకే అడ్వాన్స్ కట్టాను. ఈసారి ప్రశ్నల్లో ఒకటే కొత్తది వచ్చింది, కొమ్మ కింది చేప దగ్గరికి ముందు వెళ్దామా అని.